డీఎస్‌ఎల్‌ఆర్, జేబు కెమెరాల ఎంపిక: వరంగల్ పరిసరాల్లో

లెన్సులోంచి వచ్చే దృశ్యాన్ని అద్దం మీదుగా కంటికి చూపించి, మీట నొక్కగానే ఆ అద్దాన్ని పైకి లేపి వెలుతురును సెన్సర్ మీద పడనిచ్చే డిజిటల్ కెమెరా డీఎస్‌ఎల్‌ఆర్. దీనికి లెన్సులు మార్చుకోవచ్చు. లెన్సును విడదీసే వీలు లేకుండా ఒంట్లోనే అమర్చి, జేబులో పట్టేంత చిన్నదిగా చేసినది కాంపాక్ట్ కెమెరా. ఈ రెంటిలో ఏది కొనాలన్నది ఎక్కడైనా వచ్చే ప్రశ్నే. వరంగల్ చుట్టుపక్కల మాత్రం దానికి జవాబు వేరుగా ఉంటుంది. ఇక్కడి కాకతీయ కట్టడాల్లో ఎక్కువగా కనబడేది నున్నగా చెక్కిన నల్లరాయి, మండపాల లోపల వెలుతురు అంతంతమాత్రం. బతుకమ్మ ఆట పొద్దు వాలాకే ఊపందుకుంటుంది. పెళ్లి ముహూర్తం తరచూ అర్ధరాత్రికి పడుతుంది. మేడారం జాతరలో దుమ్ము కమ్మేస్తుంది. కెమెరా పెట్టె మీద రాసి ఉండే మెగాపిక్సెళ్లు ఈ పరీక్షల్లో వేటికీ అక్కరకు రావు.

సెన్సర్ ఒక్కటే చూస్తే సరిపోదు

ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 × 24 మిల్లీమీటర్లు, పాత 35 ఎంఎం ఫిల్ము గడి అంత. మధ్యతరగతి ఇళ్లకు చేరిన డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఉండేది ఏపీఎస్-సీ రకం. నికాన్‌లో ఇది సుమారు 23.5 × 15.6 మి.మీ., కెనాన్‌లో కాస్త చిన్నది. 2012లో సోనీ తెచ్చిన ఆర్‌ఎక్స్100, ఆ తర్వాత కెనాన్ జీ7 ఎక్స్ వరుస ‘ఒక అంగుళం’ సెన్సర్‌ను జేబు కెమెరాలో పెట్టాయి. దాని కొలత 13.2 × 8.8 మి.మీ.; ఏ మూల నుంచి ఏ మూలకు కొలిచినా అంగుళం రాదు, అది పాత వీడియో గొట్టాల కాలం నుంచి వస్తున్న లెక్క. అంతకు ముందరి చవక కాంపాక్టుల్లో ఉండేది 6.2 × 4.6 మి.మీ. చిన్న ముక్క. వైశాల్యంలో ఫుల్ ఫ్రేమ్ దానికి ముప్ఫై రెట్లు.

సెన్సర్ పెద్దదైతే చీకట్లో బొమ్మ శుభ్రంగా వస్తుందన్నది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం లెన్సు ద్వారంలో ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్ కొన్నప్పుడు దానితో వచ్చే 18–55 కిట్ లెన్సు వెడల్పు కోణంలో ఎఫ్ 3.5 వరకే తెరుచుకుంటుంది (ఈ అంకె తగ్గినకొద్దీ ద్వారం పెద్దది). ఆర్‌ఎక్స్100 లెన్సు అదే కోణంలో ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. అంటే సెన్సర్ మీద ఒక్కో చదరపు మిల్లీమీటరుకు దాదాపు 3.8 రెట్లు వెలుతురు పడుతుంది. ఏపీఎస్-సీ సెన్సర్ వైశాల్యంలో మూడు రెట్లకు పైచిలుకు పెద్దది కాబట్టి, రెండు లెక్కలూ కలిపితే రెండు కెమెరాలూ సమానం. మొగ్గు ఏమైనా ఉంటే అది కాంపాక్ట్ వైపే. జూమ్ పెంచినకొద్దీ ఆర్‌ఎక్స్100 ద్వారం ఎఫ్ 4.9కి కుంచించుకుపోయి లెక్క డీఎస్‌ఎల్‌ఆర్ వైపు తిరుగుతుంది. కిట్ లెన్సు తప్ప మరొకటి కొనే ఉద్దేశం లేనివారికి ఈ లెక్క ముందే చెప్పే దుకాణదారులు తక్కువ. అదే బాడీకి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు తగిలిస్తే కథ మారిపోతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ కొనడమంటే లెన్సులు కొనడానికి ఒప్పుకోవడం.

బరువు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 2018 నాటి నికాన్ డీ3500 బ్యాటరీ, కార్డుతో 415 గ్రాములు, కిట్ లెన్సుతో ఆరు వందలు దాటుతుంది. వృత్తి ఛాయాగ్రాహకులు వాడే డీ850 (2017) లెన్సు లేకుండానే కిలో. ఆర్‌ఎక్స్100 మొత్తం 240 గ్రాములు. బ్యాటరీ విషయంలో మాత్రం త్రాసు తిరగబడుతుంది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం పద్ధతిలో కొలిస్తే డీ3500 ఒక్క ఛార్జింగుతో 1550 బొమ్మలు తీస్తుంది, ఆర్‌ఎక్స్100 మూడు వందల పైచిలుకు. పొద్దున హనుమకొండలో బయలుదేరి రామప్ప గుడి, లక్నవరం చెరువు చూసుకుని రాత్రికి తిరిగొచ్చేవారికి ఇది చిన్న విషయం కాదు. కాంపాక్ట్ పట్టుకెళ్లేవారు రెండో బ్యాటరీ దగ్గర పెట్టుకోవాల్సిందే.

నల్లరాయి ముందు

వరంగల్ రాళ్లకూ కెమెరాలకూ పరిచయం పాతది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్‌దయాళ్ 1880లలో హనుమకొండ వేయిస్తంభాల గుడిని, వరంగల్ కోట శిథిలాలను గాజు పలకల మీద తీశారు. ముక్కాలి పీట మీద నిలిపిన ఆ బరువైన పెట్టెతో పోలిస్తే ఇప్పటి డీఎస్‌ఎల్‌ఆర్ కూడా జేబు వస్తువే.

రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి మూడు గర్భాలయాల త్రికూటం. దాని ముందున్న నంది నల్లరాతి ఏకశిల, అద్దంలా మెరిసే నునుపు. ఏ కెమెరా అయినా ఎదురున్నదాన్ని నడిమి బూడిద రంగుగా భావించి వెలుతురు కొలుస్తుంది కనుక, నందిని దగ్గరగా తీస్తే నలుపు వెలిసిపోయి వెనక ఆకాశం తెల్లగా పాలిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గిస్తే సరిపోతుంది. ఈ సదుపాయం మంచి కాంపాక్టుల్లోనూ ఉంది. సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచే రా ఫైలుగా తీసుకుంటే నీడల్లోని చెక్కడాన్ని తర్వాత పైకి తేవచ్చు, అక్కడ పెద్ద సెన్సర్‌దే పైచేయి. ఎన్నో ఏళ్లపాటు విప్పి ఉంచిన కల్యాణ మండపాన్ని పునర్నిర్మించి 2024లో తెరిచారు. గుడి మొత్తాన్ని ఆ మండపంతో కలిపి తీయాలంటే వెడల్పు కోణం కావాలి. కోటలోని కీర్తితోరణాలకూ అదే అవసరం. కోట ఆవరణలో ఎండ దండిగా ఉంటుంది కాబట్టి పగటి పూట అక్కడ తీసిన రెండు కెమెరాల బొమ్మలను పోస్టుకార్డు సైజులో పక్కపక్కన పెడితే తేడా పట్టడం కష్టం.

తేడా బయటపడేది పాలంపేటలో. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021 జూలైలో యునెస్కో వారసత్వ హోదా దక్కింది. చూరు కింద వాలుగా నిలిచిన మదనికలు, నాగిని శిల్పాలు తలెత్తి చూడాల్సినంత ఎత్తులో ఉంటాయి. వాటి ముఖకవళికలు, నగల పనితనం చిక్కాలంటే దూరపు లెన్సు కావాలి. కిట్ లెన్సు 55 దగ్గర ఆగిపోతుంది. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో అది సుమారు 82 ఎంఎం. ఆర్‌ఎక్స్100 అదే లెక్కలో 100 దాకా వెళ్తుంది. 55–200 గానీ 70–300 గానీ తోడుంటేనే డీఎస్‌ఎల్‌ఆర్ ఇక్కడ తన సత్తా చూపిస్తుంది. మండపం లోపల వ్యవహారం వేరు. అక్కడి స్తంభాల మీది సన్నని చెక్కడాల్లో కదిలేదేమీ లేదు. శిల్పం ఎంతసేపైనా ఓపిక పడుతుంది కాబట్టి, చేతి వణుకును సర్దే ఏర్పాటున్న జేబు కెమెరాను గట్టు మీద ఆనించి సెకనులో ఎనిమిదో వంతు షట్టరుతో తీసుకోవచ్చు. ట్రైపాడ్ మాట ఎత్తకూడదు. పురావస్తు శాఖ కట్టడాల్లో మామూలుగా ఫోటోలు తీసుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, స్టాండు వేయాలంటే ముందస్తు అనుమతి కావాలి. పూజలు జరిగే గర్భగుడిలోకి ఏ కెమెరానూ తీసుకెళ్లకపోవడమే మర్యాద.

కదిలే మనుషులు

ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడి దగ్గర, సద్దుల నాడు పద్మాక్షి గుండం దగ్గర బతుకమ్మ ఆడే స్త్రీలు ఒక చోట నిలవరు. రాతి శిల్పానికి పనికొచ్చిన ఎనిమిదో వంతు సెకను ఇక్కడ చప్పట్లు కొట్టే చేతులను మసకగా మారుస్తుంది. కనీసం 125వ వంతు కావాలి, అదీ వెలుగు జారిపోయే వేళ. చేతి వణుకును ఆపే సాంకేతికత ఎదుటివారి కదలికను ఆపలేదు. ఇలాంటి చోటనే పెద్ద సెన్సరూ పెద్ద ద్వారం లెన్సూ కలిసి పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి. అయినా ఒక సంగతి మరిచిపోకూడదు. తెలంగాణ పల్లె బతుకునూ బతుకమ్మనూ దశాబ్దాలపాటు చిత్రించి 2022లో కన్నుమూసిన వరంగల్ ఛాయాగ్రాహకుడు భరత్ భూషణ్ తొలినాళ్ల పనంతా ఫిల్ము మీదే సాగింది. ఇప్పటి చిన్న కెమెరాకున్న చీకటి చూపులో కొంత కూడా ఆ ఫిల్ముకు లేదు.

పెళ్లిలో జీలకర్ర–బెల్లం పెట్టే క్షణం రెండోసారి రాదు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కోసమే వేరే సెన్సర్ ఉండటం వల్ల మీట నొక్కడానికీ బొమ్మ పడటానికీ మధ్య ఎడం బాగా తక్కువ. పాత కాంపాక్టుల్లో ఆ ఎడంలోనే తలంబ్రాలు నేలకు రాలిపోయేవి. స్టూడియోల వారు 12 × 36 అంగుళాల షీట్లతో కరిజ్మా ఆల్బమ్ వేస్తారు కాబట్టి బొమ్మను పెద్దది చేయడం తప్పదు. బయటి ఫ్లాషులతో అనుసంధానం కావాలి. వృత్తి కెమెరాల్లో రెండు కార్డులు పెట్టే ఏర్పాటు మరీ ముఖ్యం: ఒకటి పాడైనా పెళ్లి మిగులుతుంది. డీ3500 లాంటి ప్రారంభ స్థాయి డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఉండేది ఒకటే కార్డు. ఈ లెక్కన అదీ వృత్తి కెమెరా కిందికి రాదు. డబ్బు తీసుకుని పెళ్లి ఒప్పుకునేవారికి కాంపాక్ట్ కుదరదు. చుట్టపు చూపుగా వెళ్లేవారికి మాత్రం అదే మేలు. పెద్ద కెమెరా కనబడగానే వంటశాలలో అత్తలూ పిన్నులూ కొంగు సర్దుకుని బిగుసుకుపోతారు. చిన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. దాని షట్టరు చప్పుడు కూడా దాదాపు వినబడదు.

మేడారంలో పోటీ దుమ్ముతో. రెండేళ్లకోసారి మాఘ మాసంలో సాగే సమ్మక్క–సారలమ్మ జాతర జనంలో నిలబడి లెన్సు మార్చడం సాహసమే. దుమ్ము నేరుగా సెన్సర్ మీదికి చేరుతుంది. దాన్ని తర్వాత శుభ్రం చేయించుకోవచ్చు. కాంపాక్ట్ లెన్సు ముందుకూ వెనక్కూ కదిలేటప్పుడు గాలితోపాటు దుమ్మునూ లోపలికి పీల్చుకుంటుంది, దాన్ని తీయాలంటే మొత్తం విప్పాలి. అందుకే తెలిసినవారు ఒకే జూమ్ లెన్సు బిగించిన డీఎస్‌ఎల్‌ఆర్‌తో వెళ్లి, తిరిగొచ్చేదాకా దాన్ని విప్పరు. పాకాల చెరువు పిట్టల విషయంలో చర్చకు తావే లేదు: 300 ఎంఎం, అంతకు మించిన లెన్సు లేకపోతే పిట్ట బదులు చుక్క వస్తుంది.

ఇప్పటి మార్కెట్టు

కొడాక్ 1991లో నికాన్ ఎఫ్3 ఒంటికి డిజిటల్ భాగాన్ని జోడించి డీసీఎస్ పేరుతో అమ్మింది. నికాన్ సొంతంగా డీ1ను 1999లో తెచ్చింది. 2003లో కెనాన్ 300డీ ధరను వెయ్యి డాలర్ల లోపుకు దించాకే డీఎస్‌ఎల్‌ఆర్ సామాన్యుల చేతికి చిక్కింది. 2010లో ప్రపంచవ్యాప్తంగా 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీల నుంచి బయటికి వెళ్లాయి, అత్యధికం కాంపాక్టులే. 2023 నాటికి అన్నీ కలిపినా 80 లక్షల లోపే. చిన్న సెన్సర్ కాంపాక్ట్‌ను ఫోన్ మింగేసింది. డీఎస్‌ఎల్‌ఆర్‌కు అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరా ఎసరు పెట్టింది. కెనాన్, నికాన్‌ల చివరి అగ్రశ్రేణి డీఎస్‌ఎల్‌ఆర్‌లు 2020లో వచ్చాయి. సోనీ 2021లో వాటి అమ్మకాలు ఆపేసింది. కొత్త లెన్సులు రాకపోయినా పాతవి కొల్లలుగా దొరుకుతున్నాయి గనుక, తక్కువ డబ్బుతో నేర్చుకోవాలనుకునే విద్యార్థికి వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ ఇప్పటికీ మంచి బేరమే.

అలా కొనేటప్పుడు అడగాల్సింది షట్టరు ఎన్నిసార్లు కొట్టిందని. డీ850 షట్టరును రెండు లక్షల సార్లు పరీక్షించినట్టు నికాన్ చెబుతుంది. పెళ్లిళ్లలో నలిగిన బాడీ ఆ అంకెకు దగ్గరపడి ఉండొచ్చు. ద్వారాన్ని ఎఫ్ 16కు మూసి తెల్లగోడను తీస్తే సెన్సర్ మీది మరకలు నల్లచుక్కలుగా బయటపడతాయి. డీ3500 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు కాబట్టి నికాన్ పాత ఏఎఫ్-డీ లెన్సులను చేత్తో తిప్పుకోవాల్సి వస్తుంది. బేరం కుదరకముందే తగిలించి చూడాలి. వాడిన కాంపాక్ట్ అయితే జూమ్‌ను పదిసార్లు ముందుకూ వెనక్కూ నడిపి, ఎక్కడా బిగుసుకోకుండా కదులుతోందో లేదో చూసుకోవాలి. ఆ గొట్టం ఆగిపోతే బాగుచేయడానికయ్యే ఖర్చు చాలాసార్లు కెమెరా విలువనే మించిపోతుంది.