బాతుల రుతువు, చట్టం క్యాలెండరు

బడిలో టండ్రా మండలం పాఠం చెప్పని ఉపాధ్యాయులు మనలో తక్కువ. మంచు ఇళ్లు, కుక్కలు లాగే బండ్లు, తోలు దుస్తులు, వేట. నాలుగు వాక్యాల్లో ఒక జాతి జీవితం అయిపోతుంది. పిల్లలు బట్టీపట్టి పరీక్షలో రాసేస్తారు. ఆ పాఠంలోని మనుషులకు ఆచారాలుంటాయి గాని చరిత్ర ఉండదు. వాళ్ల మీద ఏ ప్రభుత్వం ఏ చట్టాలు రుద్దింది, వాటిని వాళ్లెలా ఎదిరించారు అన్న ప్రశ్న ఆ పాఠంలో తలెత్తదు. మనం నేర్పే 'ఎస్కిమో' అన్న పేరు కూడా ఇతరులు పెట్టిందే. అలాస్కా ఉత్తర తీరంలో బతికేవాళ్లు తమను ఇనుపియాట్ అని చెప్పుకుంటారు. నిజమైన మనుషులు అని దాని అర్థం.

ఆ మనుషులు 1961 మే నెలలో తలా ఒక చచ్చిన బాతును చేతబట్టుకుని ప్రభుత్వాధికారి ముందు నిలబడ్డారు. మమ్మల్ని కూడా అరెస్టు చెయ్యమన్నారు. బాతుల వేటలో రాజకీయమేముంటుందని ఎవరైనా అడగవచ్చు. తిండి ఎక్కడుంటే రాజకీయం అక్కడుంటుంది. ఆ సంఘటన అర్థం కావాలంటే ముందు ఆ తీరం, ఆ పక్షులు, ఆ వేట పరిస్థితులు తెలియాలి.

బారో అలాస్కా ఉత్తరపు కొసన ఉన్న ఊరు. అది 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం. 2016లో ఊరివాళ్లు ఓటు వేసి ఉత్కియాగ్విక్ అనే తమ పాత పేరును తిరిగి తెచ్చుకున్నారు. అక్కడ నవంబరు మూడో వారంలో అస్తమించిన సూర్యుడు జనవరి మూడో వారం దాటితే గాని మళ్లీ కనబడడు. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా అస్తమించడు. చెట్టు లేదు, పంట లేదు. సముద్రం ఏడాదిలో ఎక్కువ నెలలు గడ్డకట్టి ఉంటుంది. తిండి ఆ సముద్రం నుంచి రావాలి, టండ్రా మీద తిరిగే కారిబూ మందల నుంచి రావాలి, ఆకాశం నుంచి రావాలి.

ఏప్రిల్, మే నెలల్లో తీరానికి అంటుకున్న మంచుకూ, కదిలే మంచుకూ మధ్య నీటి చీలికలు తెరుచుకుంటాయి. వాటి వెంట తిమింగలాలు వస్తాయి. వాటి మీదుగానే ఈడర్ బాతులు వస్తాయి. బేరింగు సముద్రం వైపు చలికాలం గడిపి, గుడ్లు పెట్టడానికి తూర్పుగా పోయే కింగ్ ఈడర్లూ, కామన్ ఈడర్లూ బారో ముక్కును చుట్టి వెళ్లాలి. ఒక్కో గుంపులో వందల పక్షులు. నీటికి కొద్ది ఎత్తులో, పొడుగాటి వరసలుగా పోతాయి. తిమింగలాల వేటకు మంచు మీద గుడారాలు వేసుకుని వారాల తరబడి కాచుకుని ఉండే జట్లకు అవే తాజా మాంసం. చలికాలమంతా దాచిన సరుకు అడుగంటే సమయంలో వచ్చే తిండి అది. జులై, ఆగస్టుల్లో మగ బాతులు పడమరకు తిరిగిపోతాయి. అప్పుడు ఊరికి ఉత్తరాన సముద్రానికీ కయ్యకూ నడుమ ఉన్న పిగ్నిఖ్ అనే సన్నటి గులక మేట మీద వేటగాళ్లు మకాం వేస్తారు. పక్షులు ఆ మేటను అడ్డంగా దాటుతాయి గనుక అక్కడ కూర్చున్నవాడికి వెతుక్కునే పని లేదు.

ఈ వేట తుపాకీతో పుట్టింది కాదు. దంతంతో, ఎముకతో చేసిన గుళ్లను జంతువుల నరాలతో పేనిన తాళ్లకు కట్టి, తాళ్ల రెండో కొసన ఈకలు జోడించి, గిరగిరా తిప్పి గుంపులోకి విసిరేవారు. తాడు రెక్కలకు చుట్టుకుని పక్షి కూలేది. మాంసం చారుకు, చర్మం ఈకలతో సహా దుస్తులకు వాడేవారు. తుపాకీ తిమింగలాల వ్యాపారుల వెంట వచ్చింది. పనిముట్టు మారిందే గాని రుతువు మారలేదు. బాతులు ఎప్పుడు వస్తే అప్పుడే వేట.

మంచు అన్నివేళలా దయగా ఉండదు. 1964 వసంతంలో బ్యూఫోర్ట్ సముద్రంలో తెరుచుకున్న చీలికలు మళ్లీ గడ్డకట్టాయి. మేతకు నీళ్లు దొరక్క దాదాపు లక్ష కింగ్ ఈడర్లు చచ్చిపోయాయి. ఆ తీరాన పక్షికీ మనిషికీ కూడా ఆకలి ఎప్పుడూ ఒక గాలిమార్పు దూరంలోనే ఉంటుంది.

ఇక చట్టం సంగతికి వద్దాం. పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో పక్షులను నాశనం చేసింది ఎవరు? రైళ్లు వచ్చాయి, ఐసు వచ్చింది, నగరాల హోటళ్లలో బాతు మాంసానికి గిరాకీ వచ్చింది. చీసపీక్ అఖాతం వంటి చోట్ల పడవ ముందు భాగాన చిన్న ఫిరంగి లాంటి తుపాకులు బిగించి, ఒక్క దెబ్బకు పదుల కొద్దీ బాతులను కూల్చి బజారుకు పంపారు. ఆడవాళ్ల టోపీలకు ఈకలు కావాలని కొంగల కాలనీలను ఊచకోత కోశారు. ఉత్తర అట్లాంటిక్ తీరపు లాబ్రడార్ బాతు 1870ల తరవాత కనిపించలేదు. ఆకాశాన్ని కమ్మేసేటంతగా ఉండిన పాసెంజర్ పావురం జాతిలో చివరిది 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చచ్చిపోయింది. పక్షిని సరుకుగా మార్చిన మార్కెట్టు చేసిన పని ఇది.

దీనికి అడ్డుకట్టగా 1916లో అమెరికా, కెనడా తరఫున బ్రిటన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాన్ని అమలు జరిపేందుకు 1918లో అమెరికాలో వలస పక్షుల చట్టం వచ్చింది. చట్టం అవసరమే, అది లేకపోతే ఇవాళ చాలా జాతులు ఉండేవి కావు. అభ్యుదయవాదులు ఈ మాట ఒప్పుకోవడానికి జంకవలసిన పనిలేదు. కాని ఒప్పందంలోని ఒక నిబంధన చూడండి. మార్చి 10 నుంచి సెప్టెంబరు 1 దాకా వేట నిషిద్ధం. దక్షిణాన, సంచిలో రొట్టె కట్టుకుని శరత్కాలంలో సరదాకు వేటకెళ్లేవాడికి ఆ తేదీలు అతికినట్టు సరిపోతాయి. బారోలో మార్చి 10 నాటికి బాతు లేదు. సెప్టెంబరు 1 నాటికి గుంపుల్లో చాలా భాగం దాటిపోయి ఉంటాయి, మంచినీటి మడుగులు గడ్డకట్టబోతుంటాయి. అంటే బాతులు ఉన్న కాలమంతా నిషేధం, బాతులు లేని కాలమంతా అనుమతి!

ఆ ఒప్పందంలో ఆదివాసులను పూర్తిగా మరిచిపోలేదు. మర్, పఫిన్ వంటి కొన్ని సముద్రపక్షులను, వాటి గుడ్లను తిండికీ దుస్తులకూ ఏ కాలంలోనైనా పట్టుకోవచ్చునన్నారు. ఈడర్ బాతు మాత్రం ఆ జాబితాలో లేదు. రాసినవాళ్లకు ఇనుపియాట్ల మీద ద్వేషం ఉండి ఇలా చేశారనుకోనక్కరలేదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో బారో మనిషి ఒక్కడూ లేడు, అంతే. కెనడా తరఫున సంతకం చేసిన సామ్రాజ్యం మనకు కొత్తది కాదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో మన మన్యం మనిషిని తన కొండ మీదే దొంగను చేసినది ఆ సామ్రాజ్యమే. ఆ కోపం 1922లో రంపలో ఎలా బద్దలైందో మనకు తెలుసు.

ఏళ్ల తరబడి ఈ చట్టం బారోలో కాగితం మీదనే ఉంది. 1959లో అలాస్కా రాష్ట్రమయింది. ఆ తరవాత అధికారులు నిషేధాన్ని అమలు జరపడానికి దిగారు. 1961 మేలో జాన్ నుసుంగిన్యా అనే ఇనుపియాట్‌ను ఈడర్ బాతును కొట్టాడని పట్టుకున్నారు. ఆయన రాష్ట్ర శాసనసభ సభ్యుడు కూడా. తమకు ఓటిచ్చిన రాజ్యం తమ ప్రతినిధినే కూటి కోసం వేటాడినందుకు నేరస్థుణ్ణి చేసింది.

అప్పుడు ఊరు కదిలింది. 138 మంది తలా ఒక ఈడర్ బాతును పట్టుకుని అధికారి ముందుకు వచ్చారు. ఇది నేరమైతే మేమందరం నేరస్థులమే, అరెస్టు చెయ్యమన్నారు. ఎంతమందిని పట్టుకుపోతాడు? పట్టుకుపోతే పిల్లలకు తిండి ఎవరు పెడతారు? ఉప్పు సత్యాగ్రహం ఎరిగిన మనకు ఈ పద్ధతి పరాయిది కాదు. అంతకు ముందు ఏడాదే అమెరికా దక్షిణాన నల్లజాతి విద్యార్థులు హోటళ్ల బల్లల దగ్గర బైఠాయించి 'సిట్-ఇన్' ఉద్యమం నడిపారు. దాన్ని అనుసరించి ఈ సంఘటనకు 'డక్-ఇన్' అని పేరు వచ్చింది.

దీని వెనుక ఉన్న మనిషి సేడీ నియాకొక్. తండ్రి తిమింగలాల వ్యాపారానికి వచ్చి స్థిరపడిన అమెరికన్, తల్లి ఇనుపియాట్. సేడీ ఆ ఊరి మేజిస్ట్రేటు. చట్టం అమలు జరపవలసిన మనిషే జనాన్ని తలా ఒక బాతు తెమ్మని పురికొల్పింది. భాషాధ్యయనం చేసేవాళ్లు గమనించవలసిన విషయం ఇంకొకటి ఉంది. తన కోర్టులో ఆమె ఇనుపియాట్ భాష వాడింది. అర్థం కాని భాషలో వేసే శిక్షను న్యాయమనరాదని ఆమెకు తెలుసు. మన కోర్టుల్లో రైతు తన కేసును తానే అనువాదంలో వినవలసిన స్థితి తలుచుకుంటే ఆమె చేసినది ఎంత పెద్ద పనో బోధపడుతుంది.

ప్రభుత్వం కేసులు వదులుకుంది. కాని కథ అక్కడ ఆగలేదు. అదే కాలంలో పాయింట్ హోప్ గ్రామానికి దగ్గరలో అణుబాంబులు పేల్చి రేవు తవ్వుతామని అమెరికా అణుశక్తి సంస్థ 1958 నుంచి పథకం వేస్తోంది. బాతు కోసం కదిలిన మనుషులూ, బాంబును వద్దన్న మనుషులూ 1961 నవంబరులో బారోలో ఒక్కచోట సమావేశమయ్యారు. 1962లో అణు రేవు పథకం మూలపడింది. ఆ ఏడాదే అక్టోబరులో పాయింట్ హోప్‌కు చెందిన చిత్రకారుడు హోవార్డ్ రాక్ సంపాదకుడుగా 'టండ్రా టైమ్స్' పత్రిక వెలువడింది. ఒక పోరాటం ఒక పత్రికను కన్నది. రచయితల సంఘంలో ఉన్నవాళ్లకు ఈ క్రమం వివరించి చెప్పనక్కరలేదు.

అయితే గెలుపును ఉన్నదానికంటే పెద్దది చేసి చూపడం మనల్ని మనం మోసగించుకోవడమే. అధికారులు చూసీ చూడనట్టు ఊరుకున్నారు గాని చట్టం అలాగే ఉండిపోయింది. దయ మీద బతకడం హక్కు కాదు. 1968లో ఆ తీరంలో చమురు బయటపడింది. 1971 భూపరిష్కార చట్టం ఆదివాసులకు 4.4 కోట్ల ఎకరాలూ, 96.25 కోట్ల డాలర్లూ ఇచ్చింది. బదులుగా వాళ్ల తొల్లింటి వేట హక్కులను రద్దుచేసింది. భూమి కూడా గ్రామసభలకు కాదు, లాభనష్టాల కార్పొరేషన్లకు దక్కింది. 1995లో కెనడాతో ఒప్పందాన్ని సవరించారు. చట్టబద్ధమైన వసంత వేట మొదటిసారి జరిగింది 2003లో. డక్-ఇన్ జరిగిన 42 ఏళ్లకు చట్టం బాతుల రుతువును గుర్తించింది!

పక్షుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 1976, 1996 సంవత్సరాల్లో బారో ముక్కు దగ్గర చేసిన లెక్కల ప్రకారం ఆ మధ్యకాలంలో ఈడర్లు సగానికి పైగా తగ్గాయి. స్పెక్టకిల్డ్ ఈడర్ 1993లో, అలాస్కాలో గూడుకట్టే స్టెల్లర్స్ ఈడర్ 1997లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకు ఎక్కాయి. ఈ రెంటినీ ఇవాళ ఇనుపియాట్లు సైతం కొట్టరాదు. బాతు లేకపోతే బాతు మీద హక్కుకు అర్థం లేదు. కాబట్టి అదుపు ఉండాలా వద్దా అన్నది కాదు వివాదం. అదుపును ఎవరు నిర్ణయించాలి, ఎవరి క్యాలెండరు ప్రకారం అన్నదే వివాదం. అలాస్కా పడమటి తీరపు డెల్టాలో 1984లో ఏం జరిగిందో చూడండి. బాతుల జాతికే చెందిన పెద్దపక్షులు తగ్గిపోతుంటే యూపిక్ గ్రామాలు తమ వేటను తామే తగ్గించుకోవడానికి హూపర్ బే ఒప్పందంలో అంగీకరించాయి. ఆ పక్షులు చలికాలం గడిపే కాలిఫోర్నియాలోని సరదా వేటగాళ్లు కూడా ఆంక్షలకు ఒప్పుకున్నారు. అరెస్టు సాధించలేని క్రమశిక్షణను సమానంగా కూర్చోబెట్టి అడగడం సాధించింది.

ఇకమీదట టండ్రా పాఠం చెప్పేటప్పుడు మంచు ఇంటి బొమ్మ పక్కన ఈ 138 మందిని కూడా నిలబెడదాం. పిల్లలు తప్పక ఒక ప్రశ్న వేస్తారు: "బాతులు వచ్చినప్పుడు కాక ఇంకెప్పుడు కొడతారు మాస్టారూ?" 1916లో ఒప్పందం రాసినవాళ్లకు తట్టని ప్రశ్న అది.