బిళ్ళగన్నేరు: పెంపకం, జాగ్రత్తలు

బిళ్ళగన్నేరును ఉర్దూలో సదాబహార్ అంటారు. అంటే ఏడాదంతా వసంతమే. దీని పుట్టినిల్లు మడగాస్కర్ దీవి. మంచు పడే దేశాల్లో చలికి చచ్చిపోతుంది కాబట్టి అక్కడ ఏటా కొత్తగా నాటుకుంటారు. నెల్లూరు జిల్లా అల్లూరు వంటి సముద్రతీర ప్రాంతాల్లో మాత్రం ఏళ్ల తరబడి బతికి, పన్నెండు నెలలూ పూస్తుంది. ఇసుక నేలను, ఎండను, ఉప్పుగాలిని తట్టుకుంటుంది. ఆకు చేదు కావడంతో పశువులు పెద్దగా ముట్టవు.

దీనికి గండమల్లా నీరు నిలవడమే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడే వానలకు బంకమట్టిలో వేరు కుళ్లిపోతుంది. అందుకే గట్టు మీద గానీ, అడుగున చిల్లు ఉన్న కుండీలో ఇసుక కలిపిన మట్టిలో గానీ పెట్టాలి.

కాయలు పసుపు రంగుకు తిరగగానే కోసుకోవాలి. ఆలస్యమైతే పగిలి గింజలు రాలిపోతాయి. గింజలు చీకట్లోనే బాగా మొలుస్తాయి, కాబట్టి పైన పల్చగా మట్టి కప్పాలి. ఒకటి రెండు వారాల్లో మొలకలు వస్తాయి. గింజ మొక్కకు పూల రంగు మారవచ్చు. అదే రంగు కావాలంటే 10 సెం.మీ. లేత కొమ్మ తుంచి, కింది ఆకులు తీసేసి, తడి ఇసుకలో నీడన గుచ్చాలి.

షుగరు తగ్గుతుందని కొందరు ఈ ఆకులు నములుతుంటారు. అది ప్రమాదం. క్యాన్సర్ మందులు విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ ఈ మొక్క నుంచే వచ్చాయి. వాటిని డాక్టర్లు కొలిచి, కనిపెట్టి చూస్తూ ఇస్తారు. నమిలే ఆకుకు ఆ కొలత ఉండదు. ముఖ్యంగా గర్భిణులు, పిల్లలు దీన్ని నోట పెట్టకూడదు. దీన్ని నమ్ముకుని షుగరు మాత్రలు మానకూడదు.