ఎండ, ఎముక, ఒళ్లు

మా అప్ప ఒళ్లు తగ్గించుకుంటానని కంకణం కట్టుకోవడం ఇది ఎన్నోసారో నేను లెక్క పెట్టలేదు. ఒకసారి తేనె నిమ్మరసం, ఒకసారి ఉలవల నీళ్లు, ఇంకోసారి రాత్రి భోజనానికి స్వస్తి. అన్నీ అయ్యాయి. మొన్న మాఘమాసంలో విశాఖపట్నం నుంచి మా గజపతినగరం వచ్చినప్పుడు సంచీలోంచి ఓ చిన్న అట్టపెట్టె తీసి, గుళ్లో ప్రసాదం పంచినంత భక్తిగా నా చేతిలో పెట్టింది.

"ఏటప్పా ఇది?" అన్నాను.

"విటమిన్ డి పొడి. ఒంట్లో ఇది తక్కువైతేనే ఒళ్లొచ్చేస్తుందిట. ఇది పడితే కొవ్వు వెన్నలా కరిగిపోతుందిట. మొన్న రక్తం పరీక్ష చేయిస్తే నాకు పదకొండే ఉంది. ఇరవై దాటాలిట కదా! ఇన్నాళ్లూ నాకు దొరకని కిటుకు ఇదేనే!"

పెట్టె మీద చూస్తే ఒక్కో పొట్లంలో 60,000 యూనిట్లు. డాక్టరుగారు వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలు రాశారు. ఆయన రాసింది ఎముకల కోసం. అప్ప వేసుకుంటున్నది నడుము కోసం. అప్పటి బరువు 78 కేజీలు.

నేను డాక్టర్ని కాను. హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. కొత్త మాట ఏది విన్నా దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోకపోతే నాకు నిద్రపట్టదు. ఈ "డి" గారి జాతకం కూడా అలాగే తిరగేశాను. తీరా చూస్తే అందులో సగం కథ ఆడవాళ్లదే.

చలిదేశాల్లో ఓ పాత జబ్బు ఉండేది, రికెట్స్ అని. పిల్లల ఎముకలు గట్టిపడక కాళ్లు దొడ్డికాళ్లై వంగిపోయేవి. 1650లోనే ఇంగ్లండులో గ్లిసన్ అనే వైద్యుడు దాని మీద పెద్ద పుస్తకం రాశాడు. తర్వాత ఊళ్లలో ఫ్యాక్టరీలు పెరిగి, ఆకాశమంతా బొగ్గుపొగ కమ్మేసేసరికి జబ్బు ఇంకా ముదిరింది. 1822లో పోలండులో ష్నియాదెట్స్కీ అనే ఆయన ఒక సంగతి గమనించాడు. వార్సా పట్నంలో ఇరుకు సందుల్లో పెరిగే పిల్లలకి ఈ జబ్బు వస్తోంది, పల్లెటూళ్లలో ఎండలో ఆడే పిల్లలకి రావడం లేదు. పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్లండి అన్నాడు. ఎండ మందేమిటని ఎవరూ చెవిని పెట్టలేదు.

1919లో లండన్‌లో మెల్లన్‌బీ అనే ఆయన కుక్కపిల్లల్ని ఇంట్లోనే ఉంచి, ఓట్సు గంజి పోసి పెంచితే వాటికి రికెట్స్ వచ్చింది. కాడ్ చేప కాలేయం నూనె పట్టిస్తే తగ్గింది. అయితే మహిమంతా నూనెదే అనుకున్నాడాయన. ఆ కుక్కపిల్లలు ఎండ మొహం చూడలేదన్న సంగతి లెక్కలోకి రాలేదు. అదే ఏడాది బెర్లిన్‌లో హుల్ద్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు, రికెట్స్ పిల్లల మీద పాదరసం దీపం వెలుగు ప్రసరింపజేశాడు. ఒక చేతికి వెలుగు చూపిస్తే రెండో చేతి ఎముక కూడా గట్టిపడింది! అంటే చర్మంలో ఏదో తయారై రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతోందన్నమాట. 1922లో అమెరికాలో మెకాలమ్ ఆ చేపనూనెలోని పదార్థాన్ని వేరుగా గుర్తించి పేరు పెట్టాడు. ఎ, బి, సి అప్పటికే అయిపోయాయి కనక "డి" అన్నాడు. మన చంటిపిల్లలకి నామకరణానికి ఇంతకంటే ఎక్కువ శ్రమ పడతాం!

అసలు తమాషా ఏమిటంటే, దీన్ని విటమిన్ అనడమే ఓ పొరపాటు. విటమిన్ అంటే తిండిలోంచి తెచ్చుకోవాల్సింది. దీన్ని మన చర్మమే వండుకుంటుంది. కొలెస్టరాల్‌కి చుట్టమైన ఓ పదార్థం చర్మంలో సిద్ధంగా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణం తగిలితే పని మొదలవుతుంది. ఆ తర్వాత కాలేయం ఓ చెయ్యి, మూత్రపిండం ఓ చెయ్యి వేస్తాయి. అప్పుడది పేగుల్లోంచి కాల్షియాన్ని లాగి ఒంటికి అందిస్తుంది. దాని అసలు ఉద్యోగం అది. కొవ్వు కరిగించడం దాని ఉద్యోగపత్రంలో ఎక్కడా లేదు.

ఇక మన దేశం సంగతి. ఎండకి కరువు లేని దేశంలో ఈ జబ్బేమిటి అనిపిస్తుంది. ఎండ ఉంది, ఆడదానికి వాకిలి లేదు. విజయనగరంలో ఆడవాళ్ల ఆస్పత్రిని జనం ఘోషాసుపత్రి అంటారు. విశాఖపట్నం పాతూళ్లో విక్టోరియా ఆస్పత్రికీ అదే వాడుక. రోజూ అనే మాటే కనక అర్థం గురించి ఆలోచించం. గుమ్మం దాటని ఆడవాళ్లు, పరాయి మగవాడి కంట పడకుండా వైద్యం చేయించుకోవడానికి పుట్టిన పేరు అది. మా చిన్నప్పుడు మామ్మ చెప్పేది: "పెద్దిళ్లలో ఆడోళ్లకి ఎండ తగిలితే పరువు పోతాదనీవోరే. బండికి కూడా తెర కట్టీవోరు."

కేథలీన్ వాన్ అనే ఇంగ్లీషు వైద్యురాలు కాశ్మీరులో ఆడవాళ్లకి వైద్యం చేసి, 1928లో పరదా గురించి ఓ పుస్తకం అచ్చు వేసింది. పరదాలో ఉన్న ఆడవాళ్లకి ఎముకలు మెత్తబడి, కటి ఎముక లోపలికి నొక్కుకుపోయి, కాన్పు కష్టమై తల్లీ బిడ్డా ప్రాణాల మీదికి వచ్చేది. అదే కాశ్మీరులో పడవల మీద ఎండలో బతికే బీదాడవాళ్లు సులువుగా ప్రసవించేవారు. ఇంచుమించు అదే రోజుల్లో డాగ్మర్ కర్జెల్ విల్సన్ అనే మరో వైద్యురాలు పంజాబు కొండల్లోని కాంగ్రాలో ఇల్లిల్లూ తిరిగి ఇదే జబ్బును పరిశీలించింది. పెద్దింటి కోడలి కంటే పడవ నడిపే మనిషి ఎముకే గట్టిదని ఇద్దరు ఆడ డాక్టర్లు పనిగట్టుకుని చూసి చెప్పేదాకా లోకానికి తట్టలేదు.

ఇప్పుడు ఘోషా ఎక్కడుంది అంటారేమో! అద్దాల కిటికీల్లో ఉంది. మా అప్ప ఉండే నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉదయం నుంచి వెలుతురు ఇల్లంతా పరుచుకుంటుంది. కానీ అద్దం వెలుతురుని రానిచ్చి, డి తయారు చేసే కిరణాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఇంట్లోంచి లిఫ్టు, లిఫ్టులోంచి కారు, కారులోంచి షాపు. నల్లబడతామన్న భయం ఒకటి. మా మామ్మల కాలంలో తెర గుడ్డది, ఇప్పుడు గాజుది.

ఇది నా ఊహ కాదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ డాక్టర్లు మన రాష్ట్రంలో పల్లెవాళ్లనీ పట్నంవాళ్లనీ పరీక్షించి చూశారు. ఆ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. పొలంపని చేసుకునే పల్లెజనం కంటే పట్నంవాళ్లలో డి తక్కువ. ఆ రెండు చోట్లా మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇంకా తక్కువ. ఏడుకొండలవాడి పాదాల దగ్గర, అంత ఎండలో!

సరే, ఇప్పుడు ఒళ్లు సంగతి. లావుగా ఉన్నవాళ్ల రక్తంలో డి తక్కువగా ఉంటుందన్న మాట నిజమే. అప్ప విన్నది అబద్ధం కాదు. అయితే ఏది ముందు, ఏది వెనక? 2000లో అమెరికాలో బోస్టన్ డాక్టర్లు సన్నటివాళ్లకీ లావుపాటివాళ్లకీ ఒకే మోతాదు వెలుగు చూపించారు. అందరి చర్మంలోనూ సరుకు సమానంగానే తయారవుతుంది. రక్తంలోకి వచ్చింది మాత్రం లావువాళ్లలో 57 శాతం తక్కువ. ఎందుకంటే డి కొవ్వులో కరిగే రకం. ఒంట్లో కొవ్వెక్కువైతే అందులో ఇంకిపోతుంది. చిన్న గిన్నెడు చారులో వేసిన చిటికెడు ఉప్పే పెద్ద గుండిగలో వేస్తే చప్పగా ఉండదూ? అలాగన్నమాట.

2013లో ఇంకో సంగతి తేలింది. 21 అధ్యయనాల్లోని 42 వేల మంది జన్యువుల్ని పరిశీలించి చూస్తే, ఒళ్లు పెరగడం వల్ల డి తగ్గుతోంది గానీ, డి తగ్గడం వల్ల ఒళ్లు పెరుగుతున్నట్టు కనపడలేదు. అంటే బండి వెనకాల ఎద్దుని కట్టింది మనమే.

అంతకంటే మనకి దగ్గర ముచ్చట అమెరికాలో సియాటిల్‌ది. నెలసరి ఆగిపోయిన, ఒళ్లున్న 218 మంది ఆడవాళ్లు. డి తక్కువగా ఉన్నవాళ్లే. అందరికీ ఏడాదిపాటు తిండి తగ్గించి, వ్యాయామం చేయించారు. సగం మందికి రోజూ 2,000 యూనిట్ల డి, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. 2014లో ఫలితం వచ్చింది. రెండు జట్లవాళ్లూ చెరో ఏడు కేజీల పైచిలుకు తగ్గారు. తేడా లేదు! తగ్గించింది మాత్ర కాదు, నోరూ కాళ్లూ. ఆ తర్వాత దాదాపు 26 వేల మందితో ఐదేళ్లు సాగిన మరో పెద్ద పరీక్షలో కూడా డి మాత్ర ఒంటి కొవ్వును తగ్గించలేదు.

ఇవన్నీ కూడబలుక్కుని అప్పకి చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఉగాది వెళ్లిన కొన్నాళ్లకి బావగారు ఫోన్ చేశారు. అప్ప ఆస్పత్రిలో ఉందని. విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, మనిషి మగతగా పడి ఉంది. రక్తంలో కాల్షియం మితిమీరిందట. డాక్టర్లు తరచి తరచి అడిగితే అప్పుడు బయటపడింది. వారానికి ఒక్కటైతే బరువు ముల్లు కదలడం లేదని, ఈవిడ రెండు నెలలుగా రోజుకో పొట్లం వేసుకుంటోంది! వారం రోజులు సెలైన్లు ఎక్కించి, మూత్రపిండాలు దెబ్బతినకుండా కాపాడారు. డాక్టరు రాసిన చీటీలో తప్పు లేదు. చీటీలో లేని ఆశ మందులో కలిసింది.

బీ విటమినో సీ విటమినో ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. డి అలా పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్లు 2020లో చెప్పిన లెక్క పెద్దవాళ్లకి రోజుకి 600 యూనిట్లు. మా అప్ప రోజూ అందుకు నూరు రెట్లు మింగింది.

అలాగని డి అక్కర్లేదని కాదు సుమా! తక్కువైతే ఎముకలూ కండరాలూ నీరసిస్తాయి. నడవలేం, మెట్లెక్కలేం. నడవకపోతే ఒళ్లు తగ్గేదెలా? ఆ వరసలో చూస్తే డికీ ఒంటికీ చుట్టరికం ఉంది, కానీ అది దూరపు చుట్టరికం. తక్కువుందని పరీక్షలో తేలితే డాక్టరు చెప్పినంత, చెప్పినన్నాళ్లే.

ఆస్పత్రి నుంచి వచ్చాక అప్పని నెల్లాళ్లు మా ఇంట్లో ఉంచుకున్నాను. మా ఊరు పెద్ద పట్నమేం కాదు. రాయపూర్ లైనులో విజయనగరానికీ బొబ్బిలికీ మధ్య ఓ స్టేషను, పక్కన చంపావతి ఏరు. నడవడానికి మాత్రం కావలసినంత చోటుంది. పొద్దున్న గంట నడక. అన్నం సగానికి తగ్గించి, ఆ సగానికి కూరా పప్పూ. ఒకపూట చోడంబలి. వంద గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది గానీ, అంబలి ముంతలు ముంతలు తాగితే అదీ ఒళ్లే! కాల్షియం మామూలుకి వచ్చిందని డాక్టరు చెప్పాకే అదీ మొదలుపెట్టాం. చేపలు తినేవాళ్లకి కవళ్లలాంటి నూనెచేపల్లో డి దొరుకుతుంది. గుడ్డు పచ్చసొనలో కొంచెం. మాలాంటి శాకాహారులకి డి కలిపిన పాలపొట్లం, మిగతాది ఆకాశం.

ఎండ అంటే మరో సంగతి చెప్పాలి. పొద్దున్నే కాచే లేత ఎండ మంచిదని మనం అనుకుంటాం. హాయిగా ఉంటుంది, నిజమే. కానీ తిరుపతి డాక్టర్లు చూస్తే డి బాగా తయారయ్యేది పదకొండు నుంచి రెండు మధ్యన. వైశాఖంలో ఆ వేళ నిలబడితే డి సంగతేమో గానీ వడదెబ్బ ఖాయం. చలికాలంలో కాసేపు, ఎండాకాలంలో కొద్ది నిమిషాలు, చేతులకీ కాళ్లకీ తగిలేలా ఉంటే చాలు.

అది చదివినప్పుడు నాకు మామ్మ గుర్తొచ్చింది. ఆవిడ లేత ఎండలో కూచునేది కాదు. పదిన్నర దాటాక, ఎండ చురుక్కుమన్నాక, పాత పంచె పరిచి వడియాలు పెట్టేది. లేత ఎండకి వడియం ఎండదు. వంగుతూ, లేస్తూ, కాకుల్ని తోలుతూ పన్నెండయ్యేది. రథసప్తమికి నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి, అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఉన్న దిక్కుకి దణ్ణం పెట్టేది. డి అన్న అక్షరం కూడా తెలియకుండానే ఎనభై దాటి బతికింది. పడిపోయి ఎముక విరగ్గొట్టుకున్నది ఒక్కసారీ లేదు.

నెల తర్వాత అప్ప బరువు చూసుకుంది. 75. "పొట్లాలు లేకుండానే మూడు కేజీలా!" అని కాసేపు మౌనంగా కూచుంది. తర్వాత, "ఆ పొట్లాలకి తగలేసిన డబ్బుతో నాలుగు శేర్ల మినప్పప్పు వచ్చేదే," అంది.

వచ్చే చలికాలం మా డాబా మీద వడియాలు పెడదామని ఇప్పటినుంచే పాత చీరలు ఏరి ఉంచింది. కాకుల్ని తోలే పని మాత్రం తనదేనట. ఇంకెవరికీ ఇవ్వదట.