ఎడ్ల మార్పు నుంచి బ్యాటరీ మార్పు దాకా

మదురై నుంచి తిరునెల్వేలికి పోయే బాట మీద విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారు వరసగా తగులుతాయి. చుట్టూ పత్తి పండే నల్లరేగడి. ఆ నేలను నమ్ముకుని వలస వచ్చిన తెలుగువాళ్ల సంతతి కోవిల్‌పట్టి పల్లెల్లో నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటుంది. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు.

రైలు రాకముందు ఈ సీమ పత్తి ఎడ్లబండ్ల మీదే తూత్తుకుడి రేవుకు చేరేది. మద్రాసు రాజధానిలో దూరప్రయాణాలకు మజిలీకో ఎడ్లజతను మార్చే ఏర్పాటు ఉండేది. అలసిన జత మేతకు ఆగిపోతే తాజా జత బండిని అందుకునేది. టపా కూడా అలాగే మజిలీకో మనిషి చేతికి మారేది. ఏ జతయినా ఆ కాడికి సరిపోవాలి, మజిలీల్లో ఎడ్లను మేపే ఖర్చు ఒకరే భరించాలి. ఈ రెండూ కుదిరిన చోటే మార్పు సాగింది. 1876లో మదురై–తూత్తుకుడి మీటర్‌గేజి లైను పడ్డాక పత్తి రైలెక్కింది.

విద్యుత్ బండ్ల బ్యాటరీ మార్పిడి చరిత్రా ఈ షరతుల చుట్టూనే తిరిగింది. 1890ల చివర న్యూయార్కులో ఎలక్ట్రిక్ వెహికల్ కంపెనీ తన అద్దె బండ్ల సీసపు బ్యాటరీలను సొంత షెడ్డులోనే యంత్రాలతో మార్చేది. అమెరికాలోనే హార్ట్‌ఫర్డ్ విద్యుత్ సంస్థ 1910 నుంచి 1924 దాకా ట్రక్కులకు ఇదే సేవ నడిపింది. బండిని బ్యాటరీ లేకుండా కొని, నెలసరి రుసుముతో పాటు తిరిగిన మైళ్ల లెక్కన చెల్లించేవారు. ఆ ట్రక్కులు మొత్తం 60 లక్షల మైళ్లకు పైగా తిరిగాయి. బండీ బ్యాటరీ ఒకదానికొకటి అమరేలా తయారు కావడమే ఆ విజయానికి మూలం.

సొంత కార్ల విషయంలో లెక్క తప్పింది. 2007లో పుట్టిన బెటర్ ప్లేస్ సంస్థ ఇజ్రాయెల్, డెన్మార్క్‌లలో మార్పిడి కేంద్రాలు కట్టింది. వాటికి సరిపడ్డ కారు రెనో ఫ్లుయెన్స్ ఒక్కటే. 2013లో సంస్థ దివాలా తీసింది. అయితే చైనాలో 2018 నుంచి కార్ల సంస్థ నియో మార్పిడి కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ కారూ కేంద్రమూ ఒకే సంస్థవి కావడం అందుకు తోడ్పడింది.

భారతదేశంలో బ్యాటరీ లేకుండా విద్యుత్ వాహనాలను అమ్మడానికి, నమోదు చేయడానికి 2020 ఆగస్టులో అనుమతి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో బ్యాటరీ మార్పిడిపై నీతి ఆయోగ్ ముసాయిదా విధానం వెలువడింది. దాని చూపు ప్రధానంగా రెండు, మూడు చక్రాల బండ్ల మీదే. వాటి బ్యాటరీలను మనిషి చేత్తో ఎత్తి మార్చవచ్చు. కారు బ్యాటరీ వందల కిలోల బరువుతో అడుగుభాగంలో ఉంటుంది, మోడల్‌కో ఆకారం. దాన్ని దించి ఎక్కించడానికి యంత్రం కావాలి. రకానికి కొన్ని చొప్పున అదనపు బ్యాటరీలూ ఉంచాలి. బండిలో అన్నిటికంటే ఖరీదైన భాగం అలా నిల్వలో పడి ఉండాలి.

విరుదునగర్, కోవిల్‌పట్టి మధ్య సుమారు 50 కిలోమీటర్లే. నేటి విద్యుత్ కారు ఒక్క చార్జింగుతో ఈ దూరాన్ని అవలీలగా దాటుతుంది. అందుకే ఇక్కడ కార్ల కోసం మార్పిడి కేంద్రం పెడితే గిట్టదు. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలను, విరుదునగర్ పప్పులను, నూనెలను రోజంతా మోసే సరకు ఆటోల సంగతి వేరు. వాటి దారి తెలిసినదే, బ్యాటరీ చిన్నదే, ఆగిన ప్రతి గంటా కూలి నష్టమే. మార్పిడి కేంద్రం మొదట రావలసింది ఆ ఆటోల అడ్డాల దగ్గర.