సాధారణ వర్షపాతం: చిత్తడి నేలల నిర్ధారణలో ఒక కొలమానం చరిత్ర

అమెరికాలో చిత్తడి నేల నిర్వచనం మొదటినుంచీ శాస్త్రవిషయం మాత్రమే కాదు, ఆస్తి వివాదం కూడా. 1972 నాటి జలకాలుష్య చట్టంలోని 404వ సెక్షన్ ప్రకారం అటువంటి నేలను పూడ్చడానికి అనుమతి కావాలి. 1985 వ్యవసాయ చట్టం, చిత్తడి నేల నీటిని తీసివేసి సాగుచేసిన రైతుకు ప్రభుత్వ సహాయాన్ని నిలిపివేసింది. కనుక హద్దు ఎక్కడన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న అయింది.

సైనిక ఇంజనీర్ల విభాగం 1987లో వెలువరించిన కరదీపిక మొక్కలు, మృత్తిక, జలస్థితి అనే మూడు ఆధారాలను కోరింది. మృత్తికది దీర్ఘమైన జ్ఞాపకం. నీటిలో నానిన నేలలో ఇనుము క్షయకరణం చెంది బూడిద రంగు ఏర్పడుతుంది. కాలువ తవ్వి నీటిని తీసివేసిన తరువాత కూడా ఆ రంగు చాలాకాలం మిగిలే ఉంటుంది. అందువల్ల నేటి స్థితి తెలియాలంటే పరిశీలక బావిలో జలమట్టాన్ని కొలవక తప్పదు. అయితే బావి చెప్పేది ఆ ఒక్క ఏటి సంగతే. కరవు ఏట కొలిస్తే చిత్తడి నేల రక్షణ కోల్పోతుంది, అతివృష్టి ఏట కొలిస్తే మెట్ట రైతు నష్టపోతాడు.

ఇక్కడ సగటు పనికిరాలేదు. నెలవారీ వర్షపాతంలో ఒక్క తుపాను సగటును పైకి లాగుతుంది. ఫలితంగా ఎక్కువ నెలలు సగటుకు దిగువనే ఉంటాయి. అందుచేత ముప్పై ఏళ్ల నమోదుల్లో 30, 70 పర్సెంటైళ్ల మధ్య పడిన వానను సాధారణంగా పరిగణించారు. అంటే పదింట నాలుగు నెలలే 'సాధారణం'. ముప్పై ఏళ్ల గడువు వీరి కల్పన కాదు. 1935 వార్సా సమావేశంలో అంతర్జాతీయ వాతావరణ సంస్థ 1901–1930 కాలాన్ని ప్రమాణంగా స్వీకరించినప్పటి సంప్రదాయమది.

1997 నాటి పద్ధతి బావి కొలతకు ముందరి మూడు నెలలను లెక్కిస్తుంది. పొడి నెలకు 1, సాధారణానికి 2, తడి నెలకు 3 మార్కులు. అతి సమీప నెలను 3తో, దాని ముందు నెలను 2తో, మొదటి నెలను 1తో గుణిస్తారు. మొత్తం 10 నుంచి 14 వరకు ఉంటే సాధారణం. పొడి, సాధారణ, తడి నెలలు ఇదే వరుసలో వస్తే 14, తలకిందులైతే 10. రెండూ సాధారణమే! కానీ మొదటి సందర్భంలో జలమట్టం పైకి వస్తూ ఉంటుంది, రెండవదానిలో దిగిపోతూ ఉంటుంది. పద్ధతిలోని ఈ బలహీనత చిన్నది కాదు. 2005లో వచ్చిన ప్రమాణం, పెరుగుదల కాలంలో వరుసగా 14 రోజులు జలమట్టం 12 అంగుళాలలోపు ఉండాలనీ, పదేళ్లలో ఐదేళ్లయినా అలా జరగాలనీ కోరడంతో దీర్ఘకాలిక నమోదుల విలువ పెరిగింది.

భారత వాతావరణ శాఖ జిల్లా వర్షపాతాన్ని సగటుకు 19 శాతం అటూఇటుగా ఉంటే సాధారణమంటుంది. అది వ్యవసాయ సమాచారానికి సరిపోవచ్చు, జలమట్టపు తీర్పుకు కాదు. కొల్లేరు విషయంలో చిక్కు మరో రకం. 1999లో అభయారణ్యం హద్దును +5 అడుగుల కాంటూరుతో గీశారు కనుక వర్షపాతం ప్రశ్నే రాలేదు. వచ్చినా, సరస్సు ఒడ్డున ఉన్న వర్షమాపకం చాలదు: బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు ఎగువ మెట్టలలో కురిసినది.