గోడ మీది గీత, పుస్తకంలోని చరిత్ర: దుర్గాబాయి వ్యాం బొమ్మల గురించి

పిల్లల సాహిత్య చరిత్ర రాసేవాళ్లు రచయిత పేరు మరిచిపోరు. బొమ్మలు వేసినవాళ్ల పేరు మాత్రం లోపలి పేజీలో చిన్న అక్షరాల్లో ఉండిపోతుంది. రాత తలతో చేసే పని, గీత చేత్తో చేసే పని అన్న లెక్క ఇందులో దాగి ఉంది. తలపనికి పీటా, చేతిపనికి గడప బయట చోటూ చూపించింది ఈ దేశంలో కులమే. అక్షరం అందని చేతులు చరిత్రను చెప్పలేవా? దుర్గాబాయి వ్యాం జీవితాన్నీ, ఆమె పుస్తకాలనూ ఈ ప్రశ్నతోనే చూడాలని మేం అనుకుంటున్నాం.

దుర్గాబాయి పర్ధాన్ గోండు స్త్రీ. మధ్యప్రదేశ్‌లోని మండ్లా - దిండోరి ప్రాంతంలో బర్బస్‌పూర్ అనే ఊళ్లో 1970లలో పుట్టింది. బడి మొకం చూడలేదు. పర్ధాన్లు గోండులకు కథకులు. బానా అనే తీగల వాయిద్యం వాయిస్తూ బడాదేవ్ కథలు, గోండు రాజుల వంశకథలు పాడి, గోండు ఇళ్ల నుంచి ధాన్యం, పశువులు కానుకగా పొందేవాళ్లు. మన ఆదిలాబాద్ పర్ధాన్ల చేతిలో ఆ వాయిద్యం కిక్రి. గోండుల చరిత్రను గొంతులో మోసుకొచ్చినవాళ్లు పర్ధాన్లు, అయినా వాళ్ల అంతస్తు గోండులకన్న ఒక మెట్టు కిందే. మాదిగల పుట్టుక కథను కిన్నెర మీద పాడే డక్కలివాళ్లను మాదిగవాడకు ఆవలే ఉంచిన సంగతి మనకు తెలిసిందే. చరిత్ర చెప్పేవాడికి చరిత్రలో చోటు లేకపోవడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.

పాట మగవాళ్లదైతే గోడ ఆడవాళ్లది. పండగకూ పెళ్లికీ ఇల్లు అలికి, తెల్లమన్ను, ఎర్రమన్ను, పచ్చమన్నుతో గోడల మీద, నేల మీద వేసే అల్లికలను వాళ్లు డిగ్నా అంటారు. దుర్గాబాయి ఆరేళ్ల వయసులోనే ఇంటి ఆడవాళ్ల దగ్గర ఇది నేర్చుకుంది. మా ఊళ్లల్ల అవ్వలు సున్నంతో, జాజుతో గోడలకు పెట్టిన పట్టెలూ చుక్కలూ ఇట్లాంటివే. వాటిని ఎవరూ చిత్రకళ అనలేదు, ఇంటిపని అన్నారు. ఇంటిపనికి సంతకం ఉండదు.

గోండు రైతులు చితికిపోయేకొద్దీ పర్ధాన్ల పాటకు కానుకలు తగ్గాయి. చాలామంది కూలికి పోయారు. పాటన్‌గఢ్‌కు చెందిన జంగఢ్ సింగ్ శ్యాం కూడా అట్లాంటి కుటుంబంవాడే. 1982లో భోపాల్‌లో భారత్ భవన్ తెరిచే నాటికి చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం అతని గోడబొమ్మలను చూసి భోపాల్ తీసుకొచ్చింది. పాటలో ఉన్న దేవతలు కాగితం మీదికి దిగారు. 1989లో పారిస్ ప్రదర్శన దాకా అతని బొమ్మలు పోయాయి. అతను తన బంధువులను భోపాల్ పిలిపించుకుని పని నేర్పాడు. అట్లా భోపాల్ చేరినవాళ్లలో దుర్గాబాయి, ఆమె భర్త సుభాష్ వ్యాం ఉన్నారు. జంగఢ్ 2001 జూలైలో జపాన్‌లో, ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తున్న కాలంలోనే, ఉరి వేసుకుని చనిపోయాడు. లోకం గిరిజన కళను నెత్తిన పెట్టుకుంటుంది, కళాకారుడు ఎట్లా బతుకుతున్నాడని అడగదు. ఈ చావును పక్కన పెట్టి గోండు చిత్రకళ వైభవం గురించి మాట్లాడటం అన్యాయం.

దుర్గాబాయి పేరు నలుగురికీ తెలిసింది పుస్తకాల ద్వారా. చెన్నైలోని తారా బుక్స్‌కు ఆమె పిల్లల పుస్తకాలు చేసింది. భజ్జు శ్యాం, రామ్ సింగ్ ఉర్వేతిలతో కలిసి చేసిన 'ద నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్' 2006లో వచ్చింది. నల్లకాగితం మీద సిల్క్ స్క్రీన్ పద్ధతిలో చేత్తో అచ్చువేసిన ఈ పుస్తకానికి 2008లో ఇటలీలోని బొలోన్యా పిల్లల పుస్తకాల సంతలో బహుమతి వచ్చింది. ఇందులో చెట్టు అలంకారం కోసం లేదు. దేవుడు కొలువుండే సాజ చెట్టు లాంటివి పర్ధాన్ల కథల్లోంచే నడిచొచ్చాయి. ముందు కథ రాసి, తర్వాత బొమ్మ వేయించుకునే పద్ధతి ఇక్కడ తిరగబడింది. బొమ్మలోనే కథ ఉంది.

2007లో నవయాన ప్రచురణగా కంచ ఐలయ్య పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' వచ్చింది. బొమ్మలు దుర్గాబాయివి. అంతకు ఏడాది ముందే, 2006లో, ఉన్నత విద్యలో ఓబీసీ రిజర్వేషన్లకు వ్యతిరేకంగా అగ్రకుల విద్యార్థులు రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపారు. ఊడ్చే పనీ చెప్పుల పనీ వాళ్లకు ఎగతాళి. ఐలయ్య పుస్తకం ఆ పనుల్లోని శాస్త్రాన్ని పిల్లలకు చెప్పింది. ఆదివాసులు, పశువుల కాపరులు, తోలు పనివాళ్లు, కుమ్మరులు, రైతులు, నేతగాళ్లు, చాకళ్లు, మంగళ్లు ఈ దేశానికి నేర్పిందేమిటో చెప్పింది. తెలంగాణ గొల్ల కురుమ ఇంట్లో పుట్టిన మేధావి రాత, పర్ధాన్ స్త్రీ గీత ఒకే పుస్తకంలో కలవడం చిన్న సంగతి కాదు. చేతిపనికి గౌరవం గురించి రాసిన పుస్తకానికి ఒక చేతిపనిమనిషి బొమ్మలు వేసింది.

2011లో దుర్గాబాయి, సుభాష్ కలిసి 'భీమాయన' గీశారు. కథనం శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌లది. దీనికి ఆధారం 1930లలో అంబేద్కర్ రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. బడిలో ప్యూన్ నీళ్లు పోస్తేనే తాగాలి, ప్యూన్ రాని రోజు నీళ్లు లేవు. బరోడాలో ఉద్యోగం ఉన్నా తలదాచుకోను గది లేదు. 1934లో నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట దగ్గర చెరువులో కాళ్లూ చేతులూ కడుక్కుంటే మైల చేశారని గొడవ. ఈ మూడో సంగతి మన హైదరాబాద్ సంస్థానంలో జరిగిందేనని గుర్తు పెట్టుకోవాలి.

ఈ కథను వాళ్లు చదరపు గళ్లల్లో బిగించలేదు. డిగ్నా అల్లికే పేజీని విడదీస్తుంది. రైలు పామవుతుంది, కోట క్రూరమృగమవుతుంది, నీళ్ల పంపు పిడి ఏనుగు తొండమవుతుంది. కులం మాట్లాడే మాటకు తేలుకొండి ఉన్న బుడగ, మెత్తని మాటకు పిట్ట ఆకారపు బుడగ. చదవడం రాని మనిషి కూడా ఏ మాటలో విషం ఉందో పోల్చుకోగలడు. దీన్ని బొమ్మలు వేయడం అంటే సరిపోదు, అంబేద్కర్ అనుభవానికి ఇది భాష్యం. అంటరానితనం ఆదివాసుల అనుభవమూ దళితుల అనుభవమూ ఒకటే అని మేం అనడం లేదు. తనది కాని అవమానాన్ని తన పాములతో, పిట్టలతో అర్థం చేసుకున్న తీరే మాకు ముఖ్యం.

2022లో దుర్గాబాయికి పద్మశ్రీ వచ్చింది. బిరుదుతో లెక్క తీరిపోలేదు. ఈ పుస్తకాల్లో ఎక్కువ ఇంగ్లీషువి. వాటి ధర, వాటి భాష గోండు గూడెం పిల్లకూ మాలమాదిగ వాడ పిల్లకూ దూరం. ఎవరి కథలో వాళ్లకు ఆ కథ అందడం లేదు. గోండీలో, తెలుగులో ఇట్లాంటి పుస్తకాలు ప్రభుత్వ బడి అలమారాలోకి రావాలి. లైబ్రరీ కార్డు మీద రచయిత పక్కన చిత్రకారుల పేరూ రాయాలి.

విద్యార్థి మిత్రులకు ఇంకో పని ఉంది. సున్నం గోడలు పోయి సిమెంటు గోడలు వస్తున్నాయి. మీ ఊళ్లో జాజుతో గోడలు దిద్దిన ముసలవ్వలు ఇంకా ఉంటే, వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ గీతను ఏమంటారో, ఎవరు నేర్పారో అడిగి రాసుకోండి. ఆ రాతలో ముందు వాళ్ల పేరు రాయండి.