రాకాసి గుళ్లా? మన పెద్దల సమాధులా?



ఒకసారి మా బడి పిల్లలను ఊరి బయటి గుట్ట దగ్గరికి పిలుచుకుపోయాను. అక్కడ నాలుగు పక్కలా పలక రాళ్లు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పిన రాతి గది ఒకటి ఉంది. ముందు పలకలో గుండ్రటి కంత. ఒక పిల్లవాడు అందులోకి తొంగి చూసి, "సార్, ఈ వాకిట్లో దూరేవాళ్లు మరుగుజ్జులే కదా?" అన్నాడు. పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. "ఇంత బండ ఎత్తినవాళ్లు మరుగుజ్జులు ఎట్లవుతారు? రాక్షసులే" అంది.

ఆ పిల్లలను తప్పుపట్టడానికి లేదు. మన పెద్దలూ ఇట్లాగే అనుకున్నారు. తెలుగు సీమలో ఈ గదులకు రాకాసి గుళ్లని, పాండవుల గుళ్లని పేర్లు. కొప్పళ జిల్లా హిరేబెణకల్ గుట్ట మీద ఇటువంటివి నాలుగు వందల దాకా ఉన్నాయి. అక్కడి కన్నడిగులు వాటిని మోరియర ఇళ్లంటారు. మోరియరంటే మరుగుజ్జు జాతి అని వాళ్ల కథ.

నిజానికి ఇవి ఇళ్లూ కావు, గుళ్లూ కావు. చనిపోయినవారి కోసం కట్టిన సమాధులు. చరిత్రకారులు వీటిని బృహత్ శిలా సమాధులంటారు. దక్షిణాదిలో ఇవి ఎక్కువగా క్రీస్తుకు పూర్వం 1200 నుంచి 300 వరకు, ఇనుప యుగంలో కట్టినవి. మన కోలారు జిల్లాలో బంగారుపేట తాలూకా హున్కుందలో ఉన్నాయి. సరిహద్దు దాటి చిత్తూరు జిల్లాకు పోతే బంగారుపాళెం దగ్గర ఇరులబండలో ఉన్నాయి. ఆ చిత్తూరు ప్రాంతపు సమాధుల గురించి న్యూబోల్డ్ అనే సైనికాధికారి పందొమ్మిదో శతాబ్ది నడుమనే వ్యాసం రాశాడు.

మరి లోపల ఏముంది? 1947లో మార్టిమర్ వీలర్ చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో ఈ సమాధులను పద్ధతిగా తవ్వించాడు. రాతి గదుల్లో కుండలు, ఇనుప పనిముట్లు, మనుషుల ఎముకలు దొరికాయి. కానీ ఒక్కో గదిలో ఒక మనిషి అస్థిపంజరం పూర్తిగా లేదు. పలువురి ఎముకలు, అవీ కొన్ని కొన్ని మాత్రమే ఉన్నాయి. అంటే శవాన్ని ముందు వేరేచోట ఉంచి, కొంతకాలం తర్వాత మిగిలిన ఎముకలను ఏరి తెచ్చి ఇక్కడ దాచారన్నమాట. పిల్లవాడు చూసిన కంత మరుగుజ్జుల వాకిలి కాదు. తర్వాత పోయినవారి ఎముకలను కూడా లోపలికి చేర్చడానికి అది పనికివచ్చి ఉంటుందని పండితుల ఊహ.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. అంత బండ ఎట్లా చీల్చారు? రాతి మీద మంట పెట్టి, బాగా కాగిన తర్వాత నీళ్లు చల్లితే బండ పొరలుగా విచ్చుకుంటుంది. పాతకాలంలో హట్టి బంగారు గనుల్లో రాతిని పగలగొట్టింది కూడా నిప్పుతోనే. దీనికి రాక్షస బలం అక్కరలేదు. పని తెలిసిన చేతులు, కలిసి లాగే పదిమంది ఉంటే చాలు.

ఆ కుండలు కూడా చూడదగ్గవి. లోపలి వైపు, అంచు నలుపు. బయట అడుగు ఎరుపు. గాలి తగిలిన చోట ఎరుపు, గాలి తగలని చోట నలుపు వచ్చేటట్టు కాల్చారు. ఇక ఇనుము సంగతి. మన పక్కనున్న కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో దొరికిన ఇనుము క్రీస్తుకు పూర్వం 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. ఇంత పనితనం తెలిసినవారిని మనం కథల్లో రాక్షసులను చేసి కూర్చోబెట్టాము.

ఈ కాలపు పిల్లలు ఇంగ్లీషు అద్భుత నవలలు ఇష్టంగా చదువుతారు. టోల్కీన్ రాసిన "ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్" వాటిలో పేరు పొందింది. అందులో ఒక జాతి తమ రాజుల మీద మట్టి దిబ్బలు పోస్తుంది. ఇంకో జాతి తమ రాజులను రాతి ఇళ్లలో పడుకోబెడుతుంది. ఒక జాతికి ఒక ఆచారం. కథకు అది చక్కగా అమరుతుంది. మనం కూడా చరిత్రను అట్లాగే అనుకుంటాము. ఫలానావారు కాల్చేవారు, ఫలానావారు పూడ్చేవారు అని గీత గీసేస్తాము.

మన నేల ఆ గీతను ఒప్పుకోదు. బళ్లారి వైపు తెక్కలకోటలో 1963-64లో తవ్వినప్పుడు, రాతి గదుల కాలం కంటే ముందటి మనుషులు పసిబిడ్డలను కుండల్లో పెట్టి ఇంటి నేల కిందనే పూడ్చినట్టు తెలిసింది. తమిళ కావ్యం మణిమేకలైలో ఒకే ఊరి శ్మశానంలో ఐదు పద్ధతులు కనిపిస్తాయి. కాల్చేవారు, ఊరికే వదిలేవారు, గుంట తీసి పూడ్చేవారు, నేలగదిలో ఉంచేవారు, పెద్ద కాగు బోర్లించేవారు, అందరూ అక్కడే ఉన్నారు. అంత దూరం ఎందుకు? ఇప్పటికీ పెద్దలను కాల్చే ఇంట్లోనే పసిబిడ్డ పోతే పూడుస్తారు. సన్యాసికి సమాధి కడతారు. లింగాయతులు కూర్చోబెట్టి పూడుస్తారు. కాల్చిన ఇంటివారు కూడా మరునాడో మూడోనాడో ఎముకలు ఏరి కుండలో పెడతారు. బ్రహ్మగిరివారు ఎముకలు ఏరి రాతి గదిలో దాచింది, మనం ఏరి నీళ్లలో కలిపేది. చివరి చోటు వేరు. ఏరే చేతుల వెనుక ఉన్న ప్రేమ ఒకటే.

ఆ సమాధుల్లో గిన్నెలు, చట్టులు పెట్టారు కదా! మహాలయ అమావాస్యనాడు మా అవ్వ, పోయిన తాత కోసం విస్తరి వేసి, ఆయనకు ఇష్టమైనవన్నీ వడ్డించి, కాసేపు తలుపు దగ్గరగా వేసేది. ఆ గిన్నెల బొమ్మలు పుస్తకంలో చూసినప్పుడల్లా నాకు ఆ మూసిన తలుపే గుర్తుకొస్తుంది.

అయితే ఒక మాట. అంత రాయి, అంత శ్రమ అందరికీ దక్కి ఉండదు. మన కోలారు బంగారు గనుల్లోనే చూడండి. ఇంగ్లీషు దొరల సమాధుల మీద చెక్కిన పేర్లున్నాయి. గనిలో దిగి ప్రాణాలు పోగొట్టుకున్న కూలీల్లో ఎందరికి రాయి నిలిచింది? గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వారిని గుర్తుపెట్టుకున్న ముసలివాళ్లు కూడా తగ్గిపోతున్నారు. మూడు తరాలు గడిచేసరికి వారి గురించి కూడా కథలే మిగులుతాయేమో.

అందుకే శ్రోతలకు నా మనవి. ఈ రాతి గదులు రాళ్ల క్వారీలకు, పొలాల చదునుకు పోతున్నాయి. నిధి ఉందని రాత్రిపూట తవ్వేవారూ ఉన్నారు. వాటిలో నిధి లేదు. కుండలు, తుప్పు పట్టిన ఇనుము, ఎముకలు ఉంటాయి. మీ ఊరి పక్క ఇటువంటివి కనిపిస్తే కదిలించకండి. తహసీల్దారుకో, పురావస్తు శాఖకో ఒక ఉత్తరం రాయండి. పిల్లలను పిలుచుకుపోయి చూపించండి.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు ఆ పిల్లవాడు నన్ను మళ్లీ అడిగాడు. "సార్, అయితే అది ఎవరిది?" అని. "మనలాంటివాళ్లదే నాయనా. వాళ్ల అవ్వదో, తాతదో" అన్నాను. వాడు వెనక్కి పోయి, కంతలో తాను పడేసిన వేరుశనగ పొట్టు ఏరుకొని వచ్చాడు.